పొట్టు లోపలి పేరు

జనవరి 4, ఆదివారం

అమ్మాయి వచ్చింది. కానో నుంచి బస్సులో రెండున్నర గంటలు కూర్చుని పాదాలు ఉబ్బిపోయి చెప్పుల్లో పట్టడం లేదట. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి అల్లుడు ఎక్కించి పంపాడు.

నేను గుమ్మం దాకా వెళ్లలేదు. సంకటి కలియబెడుతూ వంటింట్లోనే ఉండిపోయాను. డేలూ మాత్రం వీధిలోకి పరుగెత్తి, సంచులు లాక్కుని, పిల్ల పొట్ట నిమిరి, నానా హంగామా చేసింది. సవతికి ఆ సుఖం ఉంది. నా కూతుర్ని వీధిలో అయినా ముద్దు చేయగలదు. కన్నదాన్ని నేను చేస్తే, తొలిచూలు బిడ్డ మీద ఆ సిగ్గులేని ప్రేమేమిటని ఈ జారియా ఊరి ఆడవాళ్లు నెల రోజులు చెప్పుకుంటారు.

తను వంటింటి గడప దగ్గర మోకాళ్ల మీద వంగి పలకరించింది. ఆ పొట్టతో వంగొద్దని అందామనుకున్నాను.

"అమ్మా, బావున్నావా?"

"ఊ. ప్రయాణం బాగా జరిగిందా?"

"జరిగింది."

"సంకటుంది, తిను."

ఇంతే మాట్లాడాను. పులుసులో ఎండుచేప ముక్కలన్నీ ఏరి దాని గిన్నెలోకే వేశాను. డేలూ చూడనే చూసింది. "మేం నీళ్లు తాగి పడుకుంటాంలే అక్కా," అంది.

జనవరి 6

ఎడారి గాలి మొదలైంది. ఇల్లంతా దుమ్ము. పిల్ల పెదాలు పగిలాయి. రాసుకోమని షియా గింజల వెన్న డబ్బా పంపాను, డేలూ చేత.

జనవరి 8, గురువారం

ఈరోజు గొడవ జరిగింది. గొడవంటే గొడవ కాదు. తను మాట్లాడింది, నేను పల్లీలు ఒలిచాను.

డేలూ వేరుశనగ చేగోడీలు వేసి అమ్ముతుంది కదా, సాయంత్రం ముగ్గురం వాకిట్లో కాయలు ఒలుస్తూ కూర్చున్నాం. డేలూ, "పుట్టబోయేదాన్ని ఏమని పిలుస్తావే?" అని ఊరికే అడిగింది.

"పేరు పెట్టి పిలుస్తాను పిన్నీ. అందరి ముందూ పిలుస్తాను. ఇంటి పైకెక్కి మరీ పిలుస్తాను."

"తల్లివి, నువ్వా? తొలి బిడ్డనా? చూస్తాంలే."

"చూడండి. పెద్దవాళ్లెవరి పేరూ పెట్టొద్దని ఆయనకి ముందే చెప్పేశాను. నోరు కట్టేసుకునే పేరొద్దు. నా పేరు చూడు. నా పేరు ఎవరన్నా పిలవగా విన్నావా నువ్వు?"

డేలూ ఆలోచించింది. పాపం, నిజంగానే ఆలోచించింది.

తను వేళ్లు మడుస్తూ లెక్క చెప్పింది. నాన్న, అది తన తల్లి పేరు కాబట్టి, నోటితో అనరు. నాన్నమ్మ తన పేరు తనే పిలుచుకోదుగా, "నా జోడీ" అనేది. ఇంట్లో అందరికీ నాన్నమ్మ 'ఇన్నా', అంటే అమ్మ, కాబట్టి తను 'చిన్న ఇన్నా' అయింది. మొగుడు పెళ్లాం పేరు పలకడం ఎక్కడా లేదు, అతను "ఇదిగో" అంటాడు. "ఇక మిగిలింది ఫోను కంపెనీ పిన్నీ. డబ్బులు అయిపోయినప్పుడు వాళ్లు పూర్తి పేరుతో మెసేజ్ పెడతారు."

డేలూ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వేదాన్నే. కానీ తర్వాత నా వైపు తిరిగింది.

"నాలుగో క్లాసులో అమ్మే మా టీచరు. రోజూ హాజరు పిలిచేది. నలభై ఇద్దరి పేర్లు. నా దగ్గరికి రాగానే పేరు పిలవదు, నా వైపు ఒక చూపు చూసి టిక్కు పెట్టేది. అందరూ 'హాజరు టీచరమ్మా' అంటుంటే నేను ఆ మాట అనడానికి ఏడాదంతా కూర్చున్నాను. ఒకసారి గవదబిళ్లలొచ్చి నాలుగు రోజులు బడికెళ్లలేదు. తిరిగెళ్లి చూస్తే రిజిస్టర్లో నాలుగు రోజులూ నాకు టిక్కులున్నాయి."

నేను ఇంకో కాయ ఒలిచాను.

"నా వైపు ఆ చూపు కూడా ఉత్తిదే అన్నమాట," అంది. గొంతు మామూలుగానే ఉంది. "అమ్మా, నేను మళ్లీ మా ఇంటికెళ్లేలోపు ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలువు. ఇంకేం అడగను."

"పల్లీల్లో పురుగు కాయలున్నాయి, చూసి ఒలవండి," అన్నాను.

జనవరి 9

నాకు పదిహేడేళ్లప్పుడు పుట్టింది. ఏడో రోజు మగవాళ్లంతా వాకిట్లో కూర్చుని తాంబూలంలా కోలా కాయలు పంచుకుంటూ పేరు ప్రకటించారు. లోపలి గదిలో ఉన్న నాకు గోడ అవతలి నుంచి వినబడింది. అత్తగారి పేరు. అంటే తొలిచూలు బిడ్డ కాబట్టి ఒకసారి నోరు మూశారు, అత్తగారి పేరు కాబట్టి రెండోసారి మూశారు. రెండు తాళాలు.

పాలు మాన్పించగానే అత్తగారు పిల్లని తన గదికి తీసుకుపోయారు. పద్ధతే అది. అత్తగారు మంచి మనిషి. పోయిన ఏడు కన్నుమూసేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఆవిడ మీద ఫిర్యాదు రాయడం లేదు.

అప్పట్లో మధ్యాహ్నాలు సజ్జలు దంచేదాన్ని. ఆ పేరులో నాలుగు అక్షరాలు. నాలుగు పోట్లకి ఒకసారి, పెదవి కదపకుండా. పిండి ఎప్పుడూ అవసరమైనదానికంటే మెత్తగా వచ్చేది. అత్తగారు, "ఈ కోడలికి రోకలి మీద ఇంత కోపమేమిటో," అనేవారు.

గవదబిళ్లల సంగతి. ఆ నాలుగు రోజులూ నేను చూడకుండా టిక్కు పెట్టానని తను అనుకుంటోంది. కాదు. మూడో బెంచీ, కిటికీ వైపు. చూసే పెట్టాను. నాకు కనబడింది. ఎందుకు కనబడిందో ఇన్‌స్పెక్టరుకి చెప్పుకోలేను, దానికీ చెప్పుకోలేను.

ఆ పేరు ఇక్కడైనా రాద్దామనుకున్నాను. రాయడం పలకడం కాదుగా. కలం మొదటి అక్షరం దగ్గరే ఆగింది. ముప్పై ఏళ్లు పిల్లల చేత చూచిరాత రాయించిన చెయ్యి ఇది.

జనవరి 11, ఆదివారం

ఆయనకి గొడవ సంగతి డేలూ చెప్పేసినట్టుంది. ఆవిడ కడుపులో మాట ఆగదు. సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆయన వచ్చి వాకిట్లో చాప మీద కూర్చుని, అమ్మాయిని పిలిపించారు. నలభై ఏళ్లు అరబ్బీ చెప్పిన మనిషి, ఏది మొదలుపెట్టినా పాఠంలాగే మొదలుపెడతారు.

డేలూ బుట్టలోంచి ఒక వేరుశనగ కాయ తీశారు.

"ఇది చూడమ్మా. పెంకు తీసెయ్. ఎర్ర పొట్టు కూడా తీసెయ్. ఇక తీసెయ్యడానికి ఏమీ లేనిది ఒకటి మిగులుతుందే, అదీ నీ పేరుకి అర్థం. ఏ వస్తువుకైనా లోపల ఉండే మేలైన భాగం. అరబ్బులు మనిషి బుద్ధికి, హృదయానికి కూడా ఆ మాట చుట్టాన్నే వాడతారు."

"పప్పు అన్నమాట," అంది డేలూ. "పిల్లకి పప్పని పేరు పెట్టారు."

"నువ్వు చేగోడీలు చూసుకో."

తర్వాత ఆ పేరు మనింటికి ఎలా వచ్చిందో చెప్పారు. నాకు తెలిసిన కథే, అత్తగారు చెప్పగా విన్నాను. అత్తగారి ముత్తాత మక్కాకి కాలినడకన బయల్దేరాడు. పోయి రావడానికి పదకొండేళ్లు పట్టింది. దారిలో కూలి చేసుకుంటూ, పిల్లలకి చదువు చెప్పుకుంటూ నడవడం. సూడాన్‌లో ఒక బావి దగ్గర అతని భార్యకి నొప్పులొచ్చాయి. గుడారాల్లో ఉండే ఒక అరబ్బు ముసలావిడ వచ్చి పురుడు పోసింది. ఇవ్వడానికి వీళ్ల దగ్గర ఒక్క తోలుసంచీ తప్ప ఏమీ లేదు. ఆవిడ అది తీసుకోలేదు. "నాకు పిల్లల్లేరు. మీ పిల్లకి నా పేరు పెట్టి తీసుకుపోండి," అందట.

"ఆ బిడ్డే మా అమ్మకి నాన్నమ్మ," అన్నారాయన. "ఆవిడ పేరు మా అమ్మకి, మా అమ్మ పేరు నీకు. ఎక్కడో బావి దగ్గర పిల్లల్లేని మనిషి పేరు, నడుచుకుంటూ ఇంత దూరమొచ్చి, మూడు ఒళ్లు మారి నీ దగ్గరుంది."

"ఉంది నాన్నా. ఎవరూ పిలవరు, అంతే."

ఆయన గడ్డం సవరించుకున్నారు. "పాతకాలంలో ఆ పేరున్న గొప్పావిడ ఒకావిడ ఉంది. ప్రవక్త బాబాయి అబ్బాస్ గారి భార్య. ప్రవక్త భార్య ఖదీజా తర్వాత విశ్వాసంలోకి వచ్చిన మొదటి ఆడమనిషి ఆవిడేనని పుస్తకాల్లో ఒక మాట ఉంది. అంతటి ఆవిడనీ ఎవరూ పేరు పెట్టి పిలవలేదు తెలుసా? పెద్దకొడుకు ఫజల్ కాబట్టి 'ఫజల్ వాళ్లమ్మ' అనేవాళ్లు. ఆ పేరు గుణమే అంతేమో. లోపల దాచుకునే పేరు."

"ఆవిడకి కొడుకు పేరైనా దక్కింది," అంది పిల్ల.

ఆయన చేతిలో కాయని తిరిగి బుట్టలో వేశారు. లేచి వెళ్తూ నా పక్కన ఆగి, "టీచరమ్మా, ఇది నా సబ్జెక్టు కాదు, నీది," అన్నారు.

జనవరి 12

ఇంట్లో ఎవరూ లేరు. ప్రయత్నించాను. కోళ్లున్నాయి. కోళ్ల ముందు కూడా నోరు రాలేదు.

అయినా అది మర్చిపోతుందిలే. పురిటి ముందు ఆడవాళ్లకి ఏవేవో కోరికలు పుడతాయి. నాకు మట్టి తినాలనిపించేది.

జనవరి 16, శుక్రవారం

ఆడపిల్ల. ఇద్దరూ బతికున్నారు. రేపు రాస్తాను.

జనవరి 18, ఆదివారం

నిన్న రాయలేకపోయాను. గంజి కాస్తూ ఒలకబోసుకుంటే డేలూ నన్ను పొయ్యి దగ్గర్నుంచి లేపేసింది.

శుక్రవారం నమాజుకి మగవాళ్లు వెళ్లిన వేళ నొప్పులు ఎక్కువయ్యాయి. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. రెండింటికి పాప పుట్టింది, మంచి గొంతుతో. డేలూ పాపని చుట్టుకుని వరండాలోకి పోయింది. నేను, "దేవుడి దయ" అంటూ చెప్పులు వెతుక్కుంటున్నాను. నర్సు నడక మారడం చూశాను. రక్తం ఆగడం లేదు. ఇంకో నర్సు వచ్చింది, డాక్టరు కోసం ఎవరో పరుగెత్తారు. పిల్ల మొహం పొయ్యిలో బూడిదలా అయిపోయింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

"అమ్మా, నువ్వు తల్లివేగా," అంది పెద్ద నర్సు, చేతులు ఆపకుండా. దక్షిణాది మనిషి, మన సిగ్గులు ఆవిడకి తెలియవు. "ఆ తల దగ్గర నిలబడు. నిద్రపోనివ్వకు. పేరు పెట్టి పిలుస్తూ ఉండు."

తల దగ్గర నిలబడ్డాను. నా నోట్లో నాలుక లేదు. పిల్ల వెళ్లిపోతోంది, నాకు కనబడుతోంది, ఆ దిక్కుమాలిన తాళాలు రెండూ అలాగే ఉన్నాయి. "పిలువమ్మా" అని నర్సు కసిరింది.

పిలిచాను.

తను కదల్లేదు. కనురెప్ప కూడా ఆడలేదు. ఎలా ఆడుతుంది, నా గొంతులో ఆ మాట ఎప్పుడైనా వింటే కదా. ముప్పై ఒక్క ఏళ్లు పలకనిదాన్ని అప్పుడు పలికితే అది నన్నే అనుకుంటుందా, పక్క మంచం మనిషిననుకుంటుందా? అప్పుడిక నాకు వచ్చిన మాటే వచ్చింది. చిన్నప్పుడు రోజూ పొద్దున్నే స్నానానికి లేపే మాట.

"ఏయ్ పిల్లా, లే. నీళ్లు చల్లారిపోతున్నాయి."

కళ్లు తెరిచింది.

తర్వాత డాక్టరు వచ్చాడు, సూది మందు, ఎవరిదో రక్తం ఎక్కించడం, పొద్దు వాలే అసర్ నమాజు వేళకి ప్రమాదం దాటిందన్నారు. అప్పుడు వరండాలోకి వెళ్లి గోడ వైపు తిరిగి ఏడ్చాను. డేలూ పక్కకొచ్చి నిలబడి, పాపని నా చేతుల్లో పెట్టి, ఎవరికీ కనబడకుండా తన ముసుగు అడ్డం పట్టింది. ఈ సవతి నాకు దేవుడిచ్చిన చెల్లెలు. దానికి చెబితే నెత్తికెక్కుతుంది, కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

పేరు పలికిన సంగతి ఎవరూ వినలేదు. డేలూ బయట ఉంది. నర్సుకి పట్టలేదు. పిల్లకి స్పృహ లేదు. ఒక రకంగా మంచిదే.

అసలు పలికానో లేదో కూడా ఇప్పుడు సరిగ్గా చెప్పలేను.

జనవరి 23, శుక్రవారం

బారసాల. పొట్టేలు కోశారు. వాకిట్లో మగవాళ్లు, లోపల మేం. అల్లుడు పిల్ల కోరినట్టే చేశాడు, పెద్దవాళ్లెవరి పేరూ కాదు. బుష్రా. శుభవార్త అని అర్థం. గోడ అవతలి నుంచి వినబడగానే ఆడవాళ్లంతా నాలుకలాడిస్తూ కూతలు పెట్టారు.

డేలూ ఊరుకుంటుందా? "ఏదమ్మా, పిలువు మరి నీ కూతుర్ని. నిచ్చెన వేయమంటావా పైకెక్కడానికి?"

అమ్మాయి పాప మొహంలోకి చూసింది. నోరు తెరిచింది. చెవుల దాకా ఎర్రబడి, ముసుగు లాక్కుని, "నిద్రపోతోంది పిన్నీ, లేస్తుంది," అంది.

పాప కళ్లు రెండూ బార్లా తెరుచుకుని ఉన్నాయి.

ఫిబ్రవరి 3

అమ్మాయి పురిటి స్నానాలు సాగుతున్నాయి. పొద్దునా సాయంత్రం మరిగే నీళ్లలో వేపకొమ్మలు ముంచి నేనే వీపు మీద కొడుతున్నాను. అరుస్తుంది. "మెల్లగా అమ్మా, నేను సజ్జలు కాదు." ఆ మాటకి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రోకలి చప్పుడు నాన్నమ్మ గదిలోకి వినబడేదా?

అడగలేదు. సజ్జ గంజిలో శొంఠి ఎక్కువ వేశాను. బుగ్గల్లో రంగు వస్తోంది.

ఫిబ్రవరి 14

పాపని తను "ఇది" అంటోంది. "ఇది పాలు తాగింది. ఇది పొద్దున్నుంచీ ఎక్కిళ్లు పెడుతోంది." నేను మాత్రం రోజంతా బుష్రా, బుష్రా, నా సవతీ, నా మొగుడి మీద కన్ను వేసినదానా అని ఆడిస్తున్నాను. పేరు పిలవడానికీ, మనవరాలిని సవతీ అని ఆటపట్టించడానికీ అమ్మమ్మలకి అడ్డేముంది? ఇంత రుచి ఉంటుందని తెలియదు నాకు, ఒక బిడ్డని పేరు పెట్టి పిలవడంలో.

ఫిబ్రవరి 25, బుధవారం

నలభై రోజులు పూర్తయ్యాయి. రేపు దాని ప్రయాణం. అల్లుడు పొద్దున్నే వస్తాడు. ఆ కోరిక సంగతి అది మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

వెళ్లేలోపు టీకా వేయించాలని ఇద్దరం పాపని తీసుకుని క్లినిక్‌కి వెళ్లాం. బారెడు వరస. మా వంతు వచ్చేసరికి బల్ల వెనక కుర్రనర్సు చేతిలో కార్డు పట్టుకుని, తల ఎత్తకుండానే, "పాప పేరు?" అంది.

అమ్మాయి ముసుగు ముక్కు దాకా లాక్కుంది.

"చెప్పమ్మా, వెనక ఇరవైమంది ఉన్నారు."

తను మోచేత్తో నన్ను పొడిచింది. "అమ్మమ్మనడగండి."

"ఇంటి పైకెక్కి పిలుస్తానన్నావు," అన్నాను చెవిలో.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, చెప్పు."

"బుష్రా," అన్నాను, వరసలో చివరి మనిషికి కూడా వినబడేలా.

నర్సు రాసుకుంది. "తల్లి పేరు?"

ఇది తన పేరు తను చెప్పుకోవచ్చు. దీనికి ఏ అడ్డూ లేదు. ముసుగు తీసేసింది. పెదాలు బిగించి నా వైపు తిరిగి కూర్చుంది. నేను దాని వైపు చూశాను. అది నా వైపు చూసింది. నర్సు కలం కార్డు మీద ఆగి ఉంది. ముప్పై ఏళ్లలో ఏ పిల్లా నన్ను ఇలా చూసి గెలవలేదు. ఆ గడిలో టిక్కు పెట్టి తప్పించుకోవడానికి లేదు.

"లుబాబతు," అన్నాను.

"గట్టిగా చెప్పు తల్లీ."

"లుబాబతు. అదీ పేరు."

రాసేసింది. ఏమీ జరగలేదు. పైకప్పు కూలలేదు. పాపకి సూది వేశారు, ఏడ్చింది, మేం బయటికి వచ్చి ఆటో ఎక్కాం.

సగం దారిలో తను, పాప తల సర్దుతూ, "మూడుసార్లు," అంది.

"రెండు. నర్సు రెండోసారి అడిగింది కాబట్టి."

"మూడమ్మా. ఆస్పత్రిలో ఒకటి."

నేను దాని వైపు తిరిగాను. "విన్నావా?"

"విన్నాను. ఎక్కడో లోతు బావిలో ఉన్నట్టుంది నాకు. పైనుంచి నీ గొంతు, నా పేరు. ఇంకొక్కసారి అంటావని కళ్లు మూసుకునే ఎదురుచూశాను. నువ్వేమో నీళ్లు చల్లారిపోతున్నాయన్నావు. సరే, ఇక ఇంతేలే అని లేచాను."

కోపమొచ్చింది నాకు. ఏడుపు కూడా వచ్చింది, కానీ ముందు కోపమే వచ్చింది. "ప్రాణం పోతుంటే ఆటలా? నా గుండె ఆగిపోయింది తెలుసా? నాలుగో క్లాసులో ఏం నేర్పాను నీకు? పేరు పిలిస్తే వెంటనే పలకాలని తెలీదా?"

నా భుజం మీద తల ఆనించింది. ఆటో అద్దంలోంచి డ్రైవరు చూస్తున్నాడు, వీధిలో ఊరంతా ఉంది. నేను భుజం తీయలేదు.

"హాజరు, టీచరమ్మా," అంది.